లేహ్ దారిలో కందెన

"కందెన వేయని బండికి కావలసినంత సంగీతం" అన్నది మన పెద్దల సామెత. ఎడ్లబండి ఇరుసుకు ఆముదంలో గడ్డిమసి కలిపి పూసిన రోజులలో పుట్టిన మాట అది. బండ్లు మారాయి, ఇరుసులు మారాయి, ఆముదం స్థానంలో డబ్బాలలో అమ్మే నూనెలు వచ్చాయి. సామెతలోని సత్యం మాత్రం మారలేదు. అయితే కందెన మితిమీరి పూసినా బండి పాడుతుందనీ, ఆ పాట మరింత ప్రమాదకరమనీ ఆ సామెత చెప్పదు. ఆ సంగతిని సముద్రమట్టానికి 4,600 మీటర్ల ఎత్తున ఒక గుడారపు హోటలు ముందు కూర్చుని మేము నేర్చుకున్నాము. 2022 ఆగస్టు చివరి వారంలో మూడు మోటారు సైకిళ్ళపై మనాలి నుండి లేహ్ వరకు మేము సాగించిన ప్రయాణ విశేషాలను, ఆ దారి మాకు నేర్పిన కందెన పాఠాన్ని మన పత్రిక పాఠకుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మేము ముగ్గురం నిర్వహణ విభాగానికి చెందినవారమే. కన్వేయర్ల గొలుసులు, బేరింగులు, గ్రీజు గన్నులు మాకు నిత్యకృత్యం. మా బండ్లను రైలులో ఢిల్లీకి పంపి, అక్కడి నుండి వాటిపైనే మనాలి చేరుకున్నాము. బియాస్ నది ఒడ్డున సుమారు 2,050 మీటర్ల ఎత్తులో ఉన్న ఈ పట్టణం దేవదారు వనాలకు, ఆపిల్ తోటలకు ప్రసిద్ధి. ఇక్కడి నుండి లేహ్‌కు వెళ్ళే రహదారిని సరిహద్దు రహదారుల సంస్థ నిర్వహిస్తున్నది. మంచు కారణంగా శీతకాలంలో ఈ దారి మూతపడుతుంది. పూర్వం మనాలి దాటగానే 3,978 మీటర్ల రోహ్‌తాంగ్ కనుమ ఎక్కక తప్పేది కాదు. 2020 అక్టోబరు 3న ప్రారంభమైన అటల్ సొరంగం 9.02 కిలోమీటర్ల పొడవున కొండను తొలుచుకుని సాగి, దూరాన్ని 46 కిలోమీటర్ల మేర తగ్గించింది. సొరంగానికి ఇవతల పచ్చని కులూ లోయ, తడిసిన కొండలు, కారుమేఘాలు. అవతల లాహౌల్ లోయలో పొడి గాలి, బూడిదరంగు కొండలు, వాటి పాదాల వద్ద బంగాళాదుంప చేలు. ఋతుపవనం దాటలేని గోడను మేము పావుగంటలో దాటాము.

గొలుసు నిర్మాణం

ప్రయాణం ముందుకు సాగే లోపు బండి గొలుసు గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి. స్విట్జర్లాండులో పుట్టి ఇంగ్లండులోని మాంచెస్టరులో స్థిరపడిన హాన్స్ రెనాల్డ్ 1880లో రూపొందించిన బుష్ రోలరు గొలుసే నేటికీ మోటారు సైకిళ్ళను నడిపిస్తున్నది. పక్కపలకలను కలిపే పిన్ను, పిన్నుపై తిరిగే బుష్షు, బుష్షుపై తిరిగే రోలరు దీని ముఖ్య భాగాలు. పళ్ళచక్రాన్ని తాకేది రోలరు. కాని గొలుసు మడత పడి తిరిగి సాగే ప్రతిసారీ నిజమైన రాపిడి జరిగేది పిన్నుకూ బుష్షుకూ మధ్య, కంటికి కనబడని సందులో. "గొలుసు సాగింది" అని మనం వాడుకగా అంటాము గాని ఇనుము సాగదు. వందకు పైగా ఉన్న పిన్నులూ బుష్షులూ తలా కాస్త అరిగిపోగా, ఆ అరుగుదల అంతా కూడి గొలుసు పొడవులో కనిపిస్తుంది.

మా బండ్లలో రెండింటికి ఓ-రింగు గొలుసులున్నాయి. వీటిలో పిన్ను, బుష్షుల మధ్య గ్రీజును కర్మాగారంలోనే నింపి, రెండు వైపులా రబ్బరు వలయాలతో మూసివేస్తారు. మనం పైన వేసే నూనె ఆ లోపలికి పోదు, పోవలసిన అవసరమూ లేదు. రోలర్లు తుప్పు పట్టకుండా, రబ్బరు వలయాలు ఎండిపోకుండా కాపాడడమే దాని పని. మాలో పెద్దవారైన సహచరుని పాత బండిది మాత్రం వలయాలు లేని సాదా గొలుసు. దానికి లోపలి గ్రీజు నిల్వ అంటూ ఏదీ లేదు. బయటనుండి మనం అందించిన నూనె సందులలోకి దిగితేనే దానికి ఆయువు.

ఈ గొలుసు రెండు పిన్నుల మధ్య దూరం అంగుళంలో ఎనిమిదింట అయిదు వంతులు, అంటే 15.875 మిల్లీమీటర్లు. 20 లింకులకు 317.5 మిల్లీమీటర్లు రావాలి. ఇది సుమారు 2 శాతం పెరిగితే, అనగా 323 దాటితే, గొలుసు మార్చవలసిందే. మార్చని పక్షంలో పళ్ళపై నుండి జారుతుంది, లేదా తెగుతుంది. తెగిన గొలుసు వెనుక చక్రాన్ని బిగించివేయవచ్చు, ఇంజను పెట్టెను పగులగొట్టవచ్చు. లోయ అంచున ఆ రెండింటిలో ఏది జరిగినా మనిషికే ముప్పు. ఢిల్లీలో బయలుదేరే ముందు కొలిచినప్పుడు సాదా గొలుసు 319 మిల్లీమీటర్లు చూపించింది. ఆ ప్రయాణానికి అది చాలినంత బాగున్నట్లే.

ఏ కందెన, ఎందుకు?

మా సంచిలో రెండు రకాల కందెనలున్నాయి. ఓ-రింగు గొలుసుల కోసం మైనపు జాతి స్ప్రే డబ్బాలు, సాదా గొలుసు కోసం 90 నంబరు గేర్ ఆయిల్. ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. గేర్ ఆయిల్ 90 అనగానే ఇంజన్ ఆయిల్ 40 కంటె రెండింతలు చిక్కనిదని చాలామంది తలుస్తారు. ఆ రెండు కొలమానాలూ వేర్వేరు. 90 నంబరు గేర్ ఆయిల్ చిక్కదనం దాదాపు 40 లేదా 50 నంబరు ఇంజన్ ఆయిల్‌కు సమానం. గొలుసు సందులలోకి దిగేంత పలుచన, దిగిన తరువాత నిలిచేంత చిక్కన కావడమే దాని సుగుణం.

మైనపు స్ప్రేలో ఆవిరయ్యే ద్రావకం ఉంటుంది. అది మైనాన్ని మోసుకుపోయి సందులలో వదలి ఎగిరిపోతుంది. పైన మిగిలే పొర పొడిగా ఉండి దుమ్మును అంతగా పట్టదు. అయితే ద్రావకం ఆరేందుకు కనీసం పదిహేను నిమిషాలు ఇవ్వాలి. కొట్టిన వెంటనే బయలుదేరితే అది చక్రం మీదా, ప్యాంటు మీదా చేరుతుంది. లెక్క వేసి చూడండి: 15 పళ్ళ ముందు చక్రం, 40 పళ్ళ వెనుక చక్రం గల బండి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు, ముందు చక్రాన్ని చుట్టే గొలుసు మీది నూనె చుక్కను భూమ్యాకర్షణకు సుమారు 70 రెట్ల బలం బయటికి విసరివేస్తుంది. పైపైన అంటుకున్నది ఏదీ అక్కడ నిలవదు.

ఇక గ్రీజు. బేరింగు వంటి మూసిన చోట గ్రీజుకు సాటి లేదు. తెరచి ఉన్న గొలుసుపై అది సందులలోకి దిగలేదు, పైన పేరుకుని దారిలోని దుమ్మునంతా పోగుచేస్తుంది. ఇసుక కలిసిన గ్రీజు కందెన కాదు, వాల్వులను అరగదీసే ముద్ద వంటిది. మనాలిలో మా పెద్దాయన తన బండిని ఒక మెకానిక్కు దుకాణంలో బ్రేకులు సరిచేయించడానికి ఇచ్చారు. బండి తిరిగి వచ్చేసరికి గొలుసు నిండా బేరింగు గ్రీజు దట్టంగా పూసి ఉన్నది. పైకొండ కదా, నాలుగు రోజులు నిలవాలని ఆ కుర్రవాడు శ్రద్ధగానే పూశాడు. కడిగివేద్దామని మేమన్నాము. "అంత ప్రేమగా పూశాడు, పోనీయండి, లేహ్‌లో చూద్దాం" అన్నారు పెద్దాయన.

తాండి నుండి సర్చూ

తాండి వద్ద చంద్ర, భాగ నదులు కలిసి చంద్రభాగ అవుతాయి. దిగువన చీనాబ్ అని పిలువబడేది ఈ నదియే. ఇక్కడి పెట్రోలు బంకు ముందు, తదుపరి బంకు 365 కిలోమీటర్ల దూరమని తెలిపే బోర్డు యాత్రికులలో ఎంతో ప్రసిద్ధి చెందినది. ట్యాంకులు నింపుకుని, డబ్బాలలో అదనంగా పట్టించుకుని, లాహౌల్ స్పితి జిల్లా కేంద్రమైన కేలాంగ్ మీదుగా జిస్పా చేరి, భాగ నది ఒడ్డున రాత్రి బస చేశాము.

కందెన వేయడానికి తగిన వేళ సాయంత్రమే. అప్పుడు గొలుసు వెచ్చగా ఉంటుంది. వెచ్చని ఇనుముపై నూనె సులువుగా పాకుతుంది, రాత్రంతా సందులలోకి దిగుతుంది. బండిని నడిమి స్టాండుపై నిలిపి, ఇంజను ఆపి, గేరు తీసి, చక్రాన్ని చేతితో మాత్రమే తిప్పాలి. శ్రమ తగ్గుతుందని ఇంజను నడుపుతూ గుడ్డతో గొలుసు తుడవబోయి వేళ్ళు పోగొట్టుకున్నవారున్నారు. కిరోసిన్ తడిపిన గుడ్డతో, మెత్తని బ్రష్షుతో మురికి తీయాలి. పెట్రోలు, ఇనుప బ్రష్షు ఓ-రింగులకు హాని చేస్తాయి. గొలుసు ఆరిన తరువాత కింది వరుస లోపలి అంచుపై, పలకల సందులలో నూనె పడేటట్లు వేయాలి. బండి నడిచేటప్పుడు నూనె లోపలి నుండి బయటికే పోతుంది గనుక లోపలివైపు వేసినదే గొలుసు గుండా ప్రయాణిస్తుంది. గొలుసు మొత్తానికి రెండు టీ చెంచాల నూనె చాలును. చివరగా పొడిగుడ్డతో పైన మిగిలినదంతా తుడిచివేయాలి. నూనె వేయడం ఎంత ముఖ్యమో, తుడవడమూ అంత ముఖ్యం. పిన్నుకూ బుష్షుకూ మధ్య చేరినది కందెన, పలకల మీద మిగిలినది దుమ్ముకు ఆసనం.

మరునాడు దార్చా దాటి, సూరజ్ తాల్ అనే నీలి సరస్సు పక్కగా సుమారు 4,890 మీటర్ల బారాలాచా కనుమ ఎక్కాము. మంచు కరిగిన నీరు ఈ దారిలో అక్కడక్కడ రోడ్డును ముంచుతూ ప్రవహిస్తుంది. ఎండ ముదిరేకొద్దీ మంచు కరిగి నీరు పెరుగుతుంది గనుక వాగులను ఉదయమే దాటడం క్షేమం. ఆ నీరు తేటగా ఉండదు, పాలు కలిపినట్లుంటుంది. హిమానీనదం తన అడుగున ఉన్న బండను అరగదీసి చేసిన రాతిపిండి అది. కంటికి మెత్తగా కనిపించినా గొలుసు సందులో చేరితే ఆకురాయి పని చేస్తుంది. మా రెండు గొలుసులను ప్రతి వాగు దాటాక తుడుచుకున్నాము. మూడవ గొలుసు మీది గ్రీజు ఆ పిండిని గట్టిగా పట్టుకున్నది.

సర్చూలో గుడారాలలో బస. ఎత్తు 4,290 మీటర్లు. రాత్రి చలి సున్నా దరిదాపులకు దిగింది. మాలో చిన్నవానికి తలనొప్పి, నిద్ర లేదు. ఎత్తు ప్రదేశాలలో ఇది తేలికగా తీసుకోవలసిన సంగతి కాదు. ఉదయానికి నొప్పి తగ్గి, ఆకలి పుట్టిన తరువాతనే ముందుకు కదిలాము.

పాంగ్ వద్ద తీర్పు

సర్చూ దాటిన తరువాత గాటా మలుపులు వస్తాయి. ఒకే కొండ ముఖంపై 21 వంకీలు. ఆ ఎత్తున గాలి పలుచన, ఇంజనుకు ఊపిరి చాలదు, మొదటి గేరులోనే ఎక్కాలి. మొదటి గేరులో గొలుసుపై లాగుడు అధికం. పదవ మలుపు దాటాక పెద్దాయన బండి నుండి కరకరమనే ధ్వని మొదలైంది. నకీ లా, లాచులుంగ్ లా కనుమలు దాటి, వింత ఆకారాల మట్టి గోపురాల నడుమ దుమ్ము దారిలో పాంగ్ చేరేసరికి ఆ గొలుసు ఒకచోట బిగుతుగా, మరొకచోట వదులుగా వేలాడుతున్నది.

టేపు తీసి కొలిచాము. 322 మిల్లీమీటర్లు! మనాలి నుండి పాంగ్ సుమారు 250 కిలోమీటర్లు. అంతలోనే, సంవత్సరంలో అరగవలసినంత అరిగింది. ఇంకా లేహ్‌కు 175 కిలోమీటర్లు మిగిలి ఉన్నది. అదే తీరున అరిగితే లేహ్ చేరకముందే హద్దు దాటుతుంది, అదీ 5,328 మీటర్ల తంగ్‌లాంగ్ లా కనుమ పైనో, దాని దిగుడులోనో. మావద్ద కలుపు లింకులు రెండున్నాయి గాని విడి గొలుసు లేదు.

"గురువుగారూ, లారీ ఏదైనా దొరికితే బండిని ఎక్కించేద్దామా?" అన్నాడు చిన్నవాడు. పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. ఉద్యోగ విరమణకు ముందు ఆ బండిపైనే లేహ్ చూడాలన్నది ఆయన ఎన్నో ఏళ్ళ కోరిక అని మాకు తెలుసు. "కోరిక నాది. బండి మాత్రం మీ ఇద్దరి ముందు పోతుంది. అది ఆగితే ముగ్గురమూ ఆగాలి. మీరు చెప్పినట్లే చేద్దాం" అన్నారు చివరకు.

ముందు గొలుసును శుభ్రం చేసి, తరువాత తీర్పు చెప్పుకుందామని నిశ్చయించాము. గొలుసు విప్పి, హోటలువారు పొయ్యి కోసం ఉంచుకున్న కిరోసిన్ కొనుక్కుని, ఒక రేకు డబ్బాలో దానిని ముంచి కలియబెట్టాము. అడుగున బూడిదరంగు బురద దిగింది. వేళ్ళ మధ్య నలిపితే గరగరలాడింది. కిరోసిన్ మార్చి మూడుసార్లు కడిగితే గాని ఆ గరుకు పోలేదు. వాడిన కిరోసిన్‌ను ఆ నేలపై పారబోయక డబ్బాలో నింపి మావెంటే ఉంచుకున్నాము. గొలుసును ఎండలో ఆరబెట్టి, గేర్ ఆయిల్ పోసిన డబ్బాలో చుట్టగా ఉంచి, ఆ డబ్బాను మరుగుతున్న నీటి గిన్నెలో నిలిపాము. ఆ ఎత్తున నీరు సుమారు 85 డిగ్రీలకే మరుగుతుంది. నూనె పలుచబడి సందులలోకి దిగడానికి ఆ వేడి సరిపోయింది. నిప్పుపై నేరుగా నూనెను కాచే ప్రమాదమూ తప్పింది. చిన్న బుడగలు పైకి వచ్చాయి. సందులలో గాలి ఉన్న చోటికి నూనె చేరుతున్నదనడానికి అవే సాక్ష్యం. అరగంట తరువాత తీసి, వేలాడదీసి, నూనె కారనిచ్చి, పొడిగా తుడిచాము. కలుపు లింకు క్లిప్పు మూసిన కొస బండి నడిచే దిక్కుకు ఉండేటట్లు బిగించి, బిగుతు ఎక్కువగా ఉన్న చోట చూసి వదులును సరిచేశాము.

తీర్పును టేపుకే వదిలాము. మోరే మైదానం చివర మరల కొలవాలి. అర మిల్లీమీటరు పెరిగినా బండి లారీ ఎక్కవలసిందే. పెరగకపోతే కనుమ ఎక్కవచ్చు. గంటకు 40 కిలోమీటర్లకు మించరాదు, గేరు మార్చేటప్పుడు కుదుపు ఉండరాదు. పెద్దాయన తల ఊపారు. ఆ రాత్రి పాంగ్‌లోనే ఉన్నాము.

ఉదయం కొండ ఎక్కగానే హఠాత్తుగా భూమి చదునైపోయింది. 4,700 మీటర్ల పైచిలుకు ఎత్తులో సుమారు 40 కిలోమీటర్ల పొడవున పరచుకున్న మోరే మైదానం అది. ఇరువైపులా కెంపు, ఊదా రంగుల కొండలు, దూరాన మేకల మందలు, చాంగ్‌పా సంచార పశుపాలకుల గుడారాలు. అంత వైశాల్యంలో మా బండ్ల చప్పుడు తప్ప మరొకటి లేదు. మేము వెనుకనుండి వింటున్నది ఆ ఒక్క గొలుసునే. అది పాడలేదు.

డెబ్రింగ్ వద్ద ఆగి కొలిచాము. 322. ఒకరి తరువాత ఒకరం ముగ్గురమూ కొలిచాము. అదే అంకె. పెద్దాయన టేపును తానే చుట్టి జేబులో వేసుకుని, "ఇక పదండి" అన్నారు. తంగ్‌లాంగ్ లా పైన నిమిషం కంటె ఎక్కువసేపు నిలువలేకపోయాము, గాలి అంత చల్లన. దిగువన రుమ్‌ట్సే, గ్యా గ్రామాల బార్లీ చేలు కోతకు పండి పసుపుగా మెరిశాయి. ఉప్శీ వద్ద సింధు నది ఎదురైంది. కారూ, ఠిక్సే, షే మీదుగా నది వెంట సాగి, సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్ నగరాన్ని సాయంత్రానికి చేరాము. బజారులో ఇంకా వెలుతురు ఉండగానే పెద్దాయన కొత్త గొలుసు, రెండు పళ్ళచక్రాలు కొన్నారు. పాత చక్రాలపై కొత్త గొలుసు వేస్తే అదీ త్వరగా చెడుతుంది గనుక మూడింటినీ ఒకేసారి మార్చడం పద్ధతి. ఆ సాయంత్రం పాత గొలుసు 322కు పైన వెంట్రుకవాసి చూపించింది.

కర్మాగారంలో కూడా మనం తరచు చూసేది ఇదే. గ్రీజు కారుతున్న బేరింగును చూసి నిర్వహణ బాగున్నదని సంతోషిస్తాము. ఎక్కడ రాపిడి ఉన్నదో అక్కడికి కందెన చేరిందా, దానితోపాటు ఏమి చేరింది అన్నవే అడగవలసిన ప్రశ్నలు. ఎంత పూశామన్నది ఆ తరువాతి మాట.

ఈ దారిన వెళ్ళదలచిన మన సహోద్యోగులకు కొన్ని సూచనలు. వేసవిలో దారి తెరచిన తరువాత, శీతకాలం మొదలయ్యే లోపు వెళ్ళాలి. జిస్పా లేదా కేలాంగ్‌లో ఒక రాత్రి తప్పక ఆగి శరీరాన్ని ఎత్తుకు అలవాటు చేయాలి. ఓ-రింగు గొలుసుకు మైనపు స్ప్రే గాని పలుచగా గేర్ ఆయిల్ గాని, సాదా గొలుసుకు గేర్ ఆయిల్ వాడవచ్చు. మామూలు దారిలో 500 కిలోమీటర్లకు ఒకసారి చాలు, ఈ దారిలో ప్రతి సాయంత్రమూ చూడాలి. సంచిలో రెండు కలుపు లింకులు, ఒక కొలత టేపు, అర లీటరు నూనె ఉండాలి. అన్నిటికంటె ఎక్కువగా, పాత నూలు గుడ్డలు ఉండాలి. మేము వెళ్ళేటప్పుడు నాలుగు గుడ్డలు తీసుకువెళ్ళాము. లేహ్ బజారులో మరి పన్నెండు కొన్నాము.